ఆగమ్మ లేదు

ప్రహ్లాద్ చేసిన మొదటి అన్యాయం, కొత్త టెలిఫోను పెట్టె వస్తోందని మొగులయ్యకు ఒక్క మాటైనా చెప్పకపోవడం. బేగంబజార్‌లో ఆ పసుపు ఆడ్తి దుకాణం మెట్లెక్కే ప్రతి హమాలీకీ ఆ సంగతి తెలుసు. ఎదురుగా ఇత్తడి బిందెలు అమ్మేవాడికీ తెలుసు. గోదాములో బస్తాల మీద పడుకునే పిల్లికి కూడా తెలిసే ఉంటుంది. మొగులయ్యకు మాత్రం సోమవారం పొద్దున, టెలిఫోను బోర్డు ముందు కూర్చుని చెవిగొట్టం తుడుచుకుంటుండగా, తోపుడు బండి మీద అట్టపెట్టె దిగాక తెలిసింది.

ప్రహ్లాద్ అద్దాల గదిలోంచి బయటికి వచ్చి పెట్టె చుట్టూ ప్రదక్షిణం చేశాడు. అందరూ సేఠ్ అనే ఈ ప్రహ్లాద్ తండ్రి శాలిబండలో ఇంటింటికీ పాలు పోసినవాడే. తండ్రి పాలలో నీళ్లు కలిపి సంపాదిస్తే, కొడుకు మాటల్లోంచి నీళ్లు పిండి సంపాదిస్తున్నాడు. ఫోనులో ఎవరైనా క్షేమసమాచారం అడిగితే ఆయనకు కడుపులో నొప్పి వస్తుంది. పిల్లలు బాగున్నారా అని అడగడానికి మీటరు ఎన్నిసార్లు తిరుగుతుందో ఆయనకు తెలుసు.

పెట్టెతో వచ్చినవాడి పేరు ప్రకాశం. కంపెనీ ఇంజనీరు. పొడుగాటి మెడ, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, కాలరు కింద నల్లదారానికి చిన్న వెండి శిలువ. వస్తూనే, "అన్నా, పాత బోర్డు మీదేనా?" అని మర్యాదగా అడిగాడు. నాది కాదు, సేఠ్‌ది అన్నాడు మొగులయ్య. ఆ మర్యాద చూస్తే అతనికి ఒళ్లు మండింది. శవాన్ని ఎత్తడానికి వచ్చినవాడు కూడా అంతే మెల్లగా మాట్లాడతాడు.

ఆ పాత బోర్డుకు పది రంధ్రాలు, పది చిన్న ఇత్తడి మూతలు. ఎవరైనా లోపలి సెట్టు ఎత్తితే వాళ్ల మూత టప్పున పడుతుంది. మొగులయ్య తీగ దూర్చి ఎవరు కావాలో అడిగి బయటి లైనుకు కలుపుతాడు. బయటి లైన్లు నాలుగు. వేరే ఊళ్లకు నేరుగా కలిపే ఎస్టీడీ ఉన్నది ఒక్కదానికే. ప్రతి లైనుకూ బిల్లులో కొన్ని కాల్స్ ఉచితం కాబట్టి, ఏ లైనులో ఇంకా ఉచితం మిగిలి ఉందో మనసులో పెట్టుకుని ఊళ్లోకి వెళ్లే కాల్స్‌ను దాని మీదికి తిప్పడం అతని పని. పగలు ఎస్టీడీ జోలికి పోకుండా, చీకటి పడ్డాక సగం చార్జీలో మాట్లాడించడం కూడా అతని పనే. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఇంతకంటే పెద్ద విద్య అక్కర్లేదని అతని నమ్మకం. గుమాస్తాలు ఫోను కావాలంటే అతని ముఖం చూడాలి. వాళ్లను కాసేపు నిలబెట్టి, కావాలనే తీగ వెతుక్కోవడం అతనికి ఇష్టం.

అన్నిటికంటే గొప్ప పొదుపు పీపీది. ఫలానా మనిషితోనే మాట్లాడాలని ట్రంకు కాల్ బుక్ చేస్తే దాన్ని పీపీ అంటారు. అవతల ఆ మనిషి లేడంటే మాటల చార్జీ పడదు, ఏదో చిల్లర రుసుము మాత్రం పడుతుంది. ప్రహ్లాద్ వ్యాపారమంతా ఈ 'లేడు' మీద నడిచేది. నిజామాబాద్‌లో ఆయన సరుకు చూసే గుమాస్తా మైసయ్య. పగలు ధర కదిలినప్పుడల్లా మైసయ్య దుకాణానికి ఒక ఆడమనిషి పేరు మీద పీపీ బుక్ అవుతుంది. కొమురమ్మ కావాలంటే, కొను. మాణిక్యమ్మ కావాలంటే, మాలు పంపు. ఆగమ్మ కావాలంటే, ఆగు, బస్తా కదలనియ్యకు. ట్రంకు ఆపరేటరు "ఆగమ్మ ఉన్నదా?" అని అడుగుతాడు. మైసయ్య "ఆగమ్మ లేదు" అని పెట్టేస్తాడు. పుట్టని ఆడవాళ్ల పేర్లతో వేల బస్తాలు కదిలేవి, ఆగేవి. వీళ్లలో పుట్టినది ఒక్క ఆగమ్మే. ఆమె మొగులయ్య అక్క. పేరులోనే 'ఆగు' ఉందని చెప్పి ఆ పేరు సేఠ్‌కు అప్పగించింది మొగులయ్యే. సేఠ్ ఆ రోజు అతని భుజం తట్టాడు.

ఆ సోమవారం మధ్యాహ్నమే నిజామాబాద్ నుంచి సరుకు లారీ వచ్చింది. డ్రైవరు బసవయ్య దిగి, పసుపు దుమ్ము కొట్టుకుపోయిన తువ్వాలు దులిపి, బోర్డు పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"మొగులన్నా, మీ అక్క చెప్పమన్నది. బేస్తారం నాడు మీ బావ రోడ్డు పక్క చెలక అమ్మి రిజిస్ట్రీ చేపిస్తుండట. నువ్వు ఒప్పుకున్నవని ఆమెతోని చెప్పిండట. ఆమెకు నమ్మకం లేదు. గా రోజు పొద్దుగాలనే వచ్చి మైసయ్య దుకాణంల కూసుంటదట. నువ్వు ఫోన్ చేసి వద్దంటే వేలి నిశాని వెయ్యదు. పగటాల్ల దాంక చూసి, నీ ఫోన్ రాకుంటే ఒప్పుకున్నవనే అనుకుంటదట."

బేస్తారం అంటే గురువారం, మధ్యలో రెండే రోజులు. ఆ మెట్ట చెలక తల్లిది. కాగితం ఆగమ్మ పేరు మీద ఉంది. సగం తమ్ముడిదని తల్లి పదిమందిలో నోటితో చెప్పి పోయింది. బావ కృష్ణయ్యకు నోటిమాటలంటే గౌరవం లేదు. కాగితం మీదున్న పెళ్లాం బొటనవేలు మీదే ఆయనకు గౌరవమంతా.

బసవయ్య ఆ సాయంత్రమే తిరిగి పోతున్నానని, చెప్పేదేదైనా ఉంటే తనే మోసుకుపోతానని అన్నాడు. మొగులయ్య అతని గళ్ల లుంగీని, పాన్ మరకల పెదాలను చూశాడు. ఇంటి సంగతి డీజిల్ వాసనతోనో, మైసయ్య నోటి మీదుగానో పోవాలా అనిపించింది.

"వద్దు. లారీల మాట పంపే గతి ఇంక పట్టలే నాకు. ఫోన్ల చెప్త."

సరే నీ ఇష్టం అన్నట్టు తల ఊపి బసవయ్య చాయ్ తాగడానికి పోయాడు.

మంగళవారం ప్రకాశం పెట్టెను గోడకు బిగించాడు. లోపల పచ్చటి పలకలు, మీద మినుకు మినుకుమనే ఎర్ర దీపాలు. పాత బోర్డులోని తీగలన్నీ ఊడి నేల మీద కుప్పగా పడ్డాయి. దాని స్థానంలో మొగులయ్య ముందుకు బొత్తాలున్న ఒక పెద్ద సెట్టు వచ్చింది. ఇక గుమాస్తాలు ఎవరికి వాళ్లే రిసీవరు ఎత్తి అంకెలు నొక్కుకోవచ్చు. పెట్టె మొదటి అంకెలు చూసి, లోపలి గడియారం చూసి, ఏ లైను చవకో ఆ లైనుకు తోస్తుంది. అది బిజీగా ఉంటే రెండో చవక దానికి. చవక దారి అసలే లేకపోతే గుయ్యిమని ఊరుకుంటుంది. ప్రహ్లాద్ దానికి సస్తా రాస్తా అని పేరు పెట్టి, వచ్చిన ప్రతి ఖాతాదారుకూ చెప్పి మురిసిపోతున్నాడు. కొడుకు పుట్టినప్పుడు కూడా ఆయన అంత మురవలేదని ముసలి గుమాస్తా ఒకడు గొణిగాడు.

కానీ ఏది చవకో పెట్టెకు ఎవరో ఒకరు చెప్పాలి. ప్రకాశం ఒక సెట్టు ముందేసుకుని కూర్చుని, ఏవో అంకెలు నొక్కి పెట్టెను వినే స్థితికి తెచ్చి, మొగులయ్య వైపు తిరిగాడు. ఏ లైనుకు ఎన్ని ఉచితం, ఏ ఊరికి రోజుకు ఎంత మాట, ఏ వేళ ఎవరు మాట్లాడతారు, అన్నీ అడిగాడు. అడుగుతున్నాడే కానీ పసుపు కొమ్ము ఎక్కడ పండుతుందో ఆ మహానుభావుడికి తెలియదు. మొగులయ్య కాలు మీద కాలు వేసుకుని చెప్పసాగాడు. ఆరుతో మొదలయ్యే ఊరి నంబర్లు మూడో లైను మీదికి. అది నిండితే రెండు. ఎస్టీడీ లైను మీద లోకల్ కాల్ పడనే వద్దు. అతను చెప్పిన ప్రతి మాటనూ ప్రకాశం అంకెలుగా నొక్కేవాడు. చివర పెట్టె సన్నగా ఒక కూత కూసేది. కూత విన్నప్పుడల్లా మొగులయ్యకు తన బుర్రలోంచి ఒక మేకు ఊడిన చప్పుడులా ఉండేది. అయినా చెబుతూనే ఉన్నాడు. చెప్పడంలో ఉన్న గొప్పదనం అతన్ని ఆపనివ్వలేదు.

నిజామాబాద్ దగ్గరికి వచ్చేసరికి ప్రహ్లాద్ కూడా వచ్చి నిలబడ్డాడు.

"గిది ఆగమ్మను అడుగుతదా?" అన్నాడు పెట్టెను చూపిస్తూ.

ఆగమ్మ ఎవరని ప్రకాశం అడిగాడు. గుమాస్తాలు నవ్వారు. సంగతి తెలిశాక అతనూ నవ్వి, పెట్టెకు నోరు లేదనీ, పీపీ బుక్ చేయాలంటే మనిషే కావాలనీ చెప్పాడు. పగలు నిజామాబాద్ నంబరు ఎవరు నొక్కినా కాల్ మొగులయ్య సెట్టుకు వచ్చి పడేలా చేస్తాననీ, అతను ట్రంకులో బుక్ చేస్తాడనీ, చీకటి పడ్డాక మాత్రం నేరుగా ఎస్టీడీకి పోతుందనీ అన్నాడు. మొగులయ్య గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. పెట్టె వచ్చినా ఆగమ్మ దయవల్ల కుర్చీ మిగిలింది.

ప్రకాశం గొంతు తగ్గించి, "అన్నా, మీ సెట్టుకు మట్టుకు పగటి ఎస్టీడీ తెరిచి పెట్టనా? ఎప్పుడన్న అర్జెంట్ పడితే అక్కరకొస్తది" అన్నాడు.

ప్రహ్లాద్ వింటున్నాడు. గుమాస్తాలూ వింటున్నారు. మొగులయ్యకు ఈ బాతుమెడవాడి జాలి అక్కర్లేదు.

"నాకెందుకు తెరుచుడు? నేనేమన్న దొంగ కాల్ చేసుకుంటనా? పగలు సేఠ్ సెట్టుకు తప్ప ఎవ్వరికొద్దు. ముందుగాల నాదే బంద్ చెయ్యి."

ప్రకాశం ఇంకొక్కసారి అతని ముఖంలోకి చూశాడు. మళ్లీ మార్చాలంటే తనే రావాలనీ, రేపటి నుంచి సికింద్రాబాద్‌లో వేరే పని ఉందనీ, శనివారం దాకా ఇటు రాలేననీ అన్నాడు. మొగులయ్య చేయి విసిరాడు. పెట్టె కూత కూసింది. సొంత సెట్లకు కూడా తాళం పడిందని తెలిసిన గుమాస్తాల ముఖాలు చూసి, అతను ఆ మధ్యాహ్నమంతా చల్లగా గడిపాడు.

బుధవారం సాయంత్రం నయాపూల్ దాటి, పత్తర్‌గట్టి రద్దీలో భుజాలు రాసుకుంటూ శాలిబండకు నడిచి వచ్చేసరికి భార్య నీలమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. బసవయ్య తెచ్చిన కబురు ఆమెకు సోమవారమే తెలుసు. ఆ పూటే బస్సెక్కమన్నది. ఇప్పుడూ అదే మాట. అతని తువ్వాలు, చొక్కా ఒక సంచిలో పెట్టి తలుపు పక్కన ఆనించింది కూడా.

పోవడం కుదరదన్నాడు మొగులయ్య. ఎందుకో చెబుతాడని ఆమె చెరుగుతూ ఎదురు చూసింది. అసలు కారణం అతను చెప్పలేడు. పెట్టె వచ్చిన వారంలోనే ఒక్కరోజు కుర్చీ ఖాళీ చేస్తే, ఆ కుర్చీ లేకపోయినా దుకాణం నడుస్తుందని ప్రహ్లాద్ కళ్లతో చూస్తాడు. ఒకసారి చూశాక ఆయన మరిచిపోయే రకం కాదు. అందుకని మొగులయ్య ఆమె మీదే విసుక్కున్నాడు. ఊళ్ల మధ్య మాటను తాను రోజూ చేతుల్లో పెట్టుకుని తిప్పుతుంటే, పల్లెటూరి మొద్దులా బస్సు పట్టుకుని పోవాలా అన్నాడు.

"పోనీ తార్ అన్న కొట్టు" అని టెలిగ్రాం మాట ఎత్తింది నీలమ్మ.

"ఫోన్ చేతుల ఉన్నోడు తార్ కొడతడా? నవ్వుతరు."

"గా ఫోన్ నీదా? సేఠ్‌ది."

ఆమెకు టెలిఫోను అంటే ఏమి తెలుసని లోపలికి పోయి కాళ్లు కడుక్కున్నాడు. సంచి రాత్రంతా తలుపు పక్కనే ఉంది.

గురువారం పొద్దున ప్రహ్లాద్ వస్తూనే మొగులయ్య సెట్టు మీద వేలితో తట్టాడు.

"ఇయ్యాల మాణిక్యమ్మ. ఉన్న మాలంత పంపుమను. ధర దిగుతదంటున్నరు."

అద్దాల తలుపు మూసుకుంది. మొగులయ్య రిసీవరు ఎత్తి, ఎవరూ చూడటం లేదని చూసుకుని, మైసయ్య దుకాణం నంబరు ఎస్టీడీ కోడుతో సహా నొక్కాడు. పోదని తెలుసు. తన నోటితో చెప్పి మూయించినదే. అయినా యంత్రానికి తన ముఖం చూసి కొంచెం సిగ్గు ఉంటుందేమోనని ఒక ఆశ. పెట్టె గుయ్యిమంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ గుయ్యిమంది. మొదటి రోజు నుంచి దానికి ఎవరి ముఖమూ తెలియదు.

సరే, ట్రంకు. నంబరు నొక్కి ఆపరేటరు కోసం కాచుకుంటుండగా అతని బుర్ర తన పాత పద్ధతిలో పని చేయసాగింది. ఒకే నంబరుకు రెండు బుకింగులు ఎందుకు? ఆగమ్మ అక్కడే కూర్చుని ఉంటుంది. ఆమెను పిలిపిస్తే, వద్దు, వేలు వేయకు అని ఒక్క ముక్క చెప్పి, ఫోను మైసయ్యకు ఇవ్వమని, అదే కాల్‌లో మాలు పంపమనవచ్చు. మనిషి వచ్చేదాకా పీపీలో మీటరు మొదలవదు కూడా. ఇన్నేళ్లలో మొదటిసారి పీపీని దాని అసలు అర్థంలో వాడబోతున్నానని అతనికి చిన్నగా నవ్వు వచ్చింది. ఆపరేటరు పలికాడు. మొగులయ్య నాలుక అలవాటు పడిన దారిలోనే జారిపోయింది.

"నిజామాబాద్. పీపీ. పేరు ఆగమ్మ."

బుక్ చేశాక వక్కపలుకు నోట్లో వేసుకుని, అక్కతో ఏమనాలో మనసులో సరిచేసుకున్నాడు. బావను తిట్టకూడదు, ఆమె బెదురుతుంది. వేలు వేయకు, ఆదివారం నేనే వస్తా, అంతే. ఈ మధ్యలో ఒక గుమాస్తా పగటి ఎస్టీడీ అడగడానికి వస్తే, రూలు రూలే అని తిప్పి పంపాడు. బయట హమాలీలు బస్తాలు దింపుతూ ఏదో దక్కనీ పాట పాడుతున్నారు.

సెట్టు మోగింది. లైను మీద గాలి వీచినట్టు చప్పుడు, దాని వెనుక ఆపరేటరు గొంతు అవతలి వాళ్లను అడుగుతోంది: హైదరాబాద్ నుంచి పీపీ, ఆగమ్మ ఉన్నదా? పీపీలో ఆ మనిషి వచ్చేదాకా ఇటు మాట అటు వినపడదు. మొగులయ్య రిసీవరు చెవికి అదుముకున్నాడు. బావిలోంచి వచ్చినట్టు మైసయ్య గొంతు, రోజూ ఉండేంత చురుగ్గా, రోజూ ఉండేంత నిర్లక్ష్యంగా పలికింది.

"ఆగమ్మ లేదు."

టక్కుమని పెట్టేశాడు. పార్టీ లేదండీ, క్యాన్సిల్, అన్నాడు ఆపరేటరు.

ఒక క్షణం మొగులయ్యకు నిజంగానే అక్క రాలేదేమో అనిపించింది. ఆ తరువాత క్షణంలో అర్థమై, నోట్లో వక్క ఉమ్మేశాడు. మైసయ్య విన్నది మనిషి పేరు కాదు. బస్తాలు కదపకు అన్న హుకుం విన్నాడు. విన్నవాడు విన్నట్టే, చెప్పాల్సిన జవాబు చెప్పాడు. ఇప్పుడు మళ్లీ పీపీ చేసినా, ఎన్నిసార్లు చేసినా, అతను అదే చెబుతాడు. అలా చెప్పడానికే అతనికి జీతం.

లేచి అద్దాల తలుపు తట్టాడు. ప్రహ్లాద్ తన సెట్టులో ఎవరితోనో ధరలు మాట్లాడుతున్నాడు. రిసీవరు మీద అరచేయి మూసి ఏమిటన్నట్టు గడ్డం ఎగరేశాడు. మొగులయ్య జీవితంలో మొదటిసారి ఆయన ముందు చేతులు కట్టుకున్నాడు. ఇంటి అర్జెంటు ఉందనీ, ఈ సెట్టు నుంచి నిజామాబాద్‌కు ఒక్క నిమిషం మాట్లాడుకుంటాననీ, మా అక్కకు చెప్పాలనీ అన్నాడు.

ప్రహ్లాద్‌కు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. చిరునవ్వు నవ్వాడు.

"అర్జెంట్ అందరికుంటది మొగులయ్యా. మొన్న ప్రకాశం ముంగట నువ్వేమన్నవ్? ముందుగాల నాదే బంద్ చెయ్యి అన్నవ్. గా మాట నాకు మస్తు నచ్చింది. ఇయ్యాల నీకు తెరిస్తే రేపు అందరొస్తరు. ట్రంకుల బుక్ చేస్కో, పో."

అరచేయి తీసి మళ్లీ ధరలలో పడ్డాడు. మాణిక్యమ్మ సంగతి అడగలేదు. అడిగితే ఏమి చెప్పేవాడో మొగులయ్యకే తెలియదు.

వెనక్కి వచ్చి మామూలు కాల్, అర్జెంటు కింద బుక్ చేశాడు. ఈసారి ఏ పేరూ చెప్పలేదు. లైన్లు బిజీగా ఉన్నాయి, ఆలస్యం అవుతుందన్నాడు ఆపరేటరు. పెద్ద పోస్టాఫీసుకు పరుగెత్తితే ఎస్టీడీ దొరుకుతుంది. కానీ అతను అక్కడ వరసలో ఉండగా ఇక్కడ కాల్ వస్తే ఎత్తే దిక్కు లేదు. కూర్చున్నాడు. గుమాస్తాలు అతన్ని అడగకుండానే అంకెలు నొక్కుకుంటున్నారు. ఒక్కో కాల్ తనకు తానే చవక దారి పట్టి పోతోంది, పెట్టె మీద దీపాలు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. ఎవరికీ అతనితో పని పడలేదు. గోడ గడియారం మధ్యాహ్నాన్ని దాటించింది. నమాజు పిలుపు వినపడి ఆగిపోయింది. చాయ్‌వాడు పెట్టిపోయిన కప్పులో మీగడ కట్టింది.

ఎండ మెట్ల మీది నుంచి గడప లోపలికి పాకాక కాల్ కలిసింది. మొగులయ్య తన పేరు చెప్పి, మా అక్క ఉన్నదా అని అడిగాడు.

"మీ అక్కనా? పొద్దుగాల నుంచి గీడనే బెంచి మీద కూసుండె గదనే. ట్రంకాయన ఆగమ్మ అన్నడు, నేను పసుపనుకుంటి. నేను ఆగమ్మ లేదు అంటుంటె ఆమె తన పేరు ఇని లేచి నిలబడ్డది. మా తమ్ముడానె అన్నది. నీకు కాదమ్మా, కూసో, గది పసుపు సంగతి అన్న. పాపం కూసున్నది."

ఆ తరువాత ఏమైందో కూడా మైసయ్యే చెప్పాడు. మధ్యాహ్నానికి కృష్ణయ్య వచ్చాడట. చూసినవా, నీ తమ్ముడికి ఇష్టమే గనక ఫోన్ చెయ్యలే అన్నాడట. ఆమె కొంగు సర్దుకుని, ఫోను వైపు ఒకసారి చూసి, ఆయన వెంట రిజిస్ట్రీ ఆఫీసుకు పోయిందట. మంచినీళ్లు ఇచ్చినా తాగలేదట. మూడు నిమిషాలు అయిపోయాయని ఆపరేటరు అన్నాడు.

శుక్రవారం లారీలు రాలేదు. ప్రహ్లాద్ తన సెట్టులో మైసయ్య మీద విరుచుకుపడ్డాడు. మైసయ్య, మొగులయ్య అక్క ఊసు ఎత్తకుండా, నిమ్మళంగా, మీరు చెప్పింది ఆగమ్మ కదా అన్నాడు. అద్దం వెనుక ప్రహ్లాద్ ముఖం మొగులయ్య వైపు మెల్లగా తిరగడం దుకాణమంతా చూసింది. అయితే పిలవలేదు. ఆ రోజంతా పిలవలేదు. గుమాస్తాలు అతని పక్క నుంచి నడిచేటప్పుడు అడుగులు మెత్తగా వేశారు. రూలు రూలే అనిపించుకున్న గుమాస్తా అయితే మోమాటం లేకుండా పాటే ఎత్తుకున్నాడు. మొగులయ్య సొరుగులోని తన సామాను, వక్కల డబ్బా, కళ్లజోడు, పాత చెవిగొట్టం, ఒక గుడ్డలో కట్టుకున్నాడు.

శనివారం పొద్దున పిలుపు వచ్చింది. మూట పట్టుకునే లోపలికి పోయాడు. ప్రహ్లాద్ కుర్చీలోంచి లేచి ఎదురు వచ్చాడు.

"కోస్తా దిక్కు వాన దంచిందట. పసుపంత నానింది. ధర ఎంత ఎక్కిందో చూసినవా? నేను పంపుమంటె నువ్వు ఆపినవ్. నన్ను అడగకుండ ఆపినవ్. గుండె ఉన్నది నీకు." బల్ల మీద మిఠాయి పొట్లం ఉంది. మదీనా చౌరస్తా దగ్గరి దుకాణానిది. దానిని అతని చేతిలో పెట్టాడు. "బజారు వాసన పట్టినవ్ మొగులయ్యా. గీ మిషన్ పడతదా?"

ఇప్పుడు చెప్పవచ్చు. నేను పసుపును ఆపలేదు సేఠ్, మా అక్కను ఆపబోయినా అని చెప్పవచ్చు. అలా చెబితే కుర్చీ పోతుంది. మొగులయ్య ముఖం మీదికి ఏదో వచ్చింది. దాన్ని చూసి ప్రహ్లాద్ వినయం అనుకున్నాడు. చేతిలో మూట ఏమిటని అడిగాడు. ఏం లేదన్నాడు మొగులయ్య.

సికింద్రాబాద్ పని ముగించుకుని ప్రకాశం అప్పుడే వచ్చాడు. ప్రహ్లాద్ అతన్ని పిలిచి, ఈ పూట నుంచి మొగులయ్య సెట్టుకు పగటి ఎస్టీడీ తెరవమన్నాడు. ఇలాంటివాడికి తాళం ఎందుకన్నాడు. ప్రకాశం వచ్చి పక్కన కూర్చుని అంకెలు నొక్కాడు. పెట్టె కూత కూసింది. తెరవడానికి పట్టిన సమయం అంతే.

"అయిపోయిందన్నా. ఒక నంబరు చేసి చూడు, కలుస్తదా లేదా" అన్నాడు.

ప్రహ్లాద్ కూడా గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. మొగులయ్యకు ఆ వేళ వేరే నంబరేదీ గుర్తుకు రాలేదు. నొక్కాడు. గాలి చప్పుడు లేదు, ఆపరేటరు లేడు. రెండు మోతలకే మైసయ్య పక్కింట్లోంచి పలికినట్టు పలికాడు. టెస్టింగు అన్నాడు మొగులయ్య. మస్తు వినపడుతుందన్నాడు మైసయ్య. ఇక పెట్టేయవచ్చు. మొగులయ్య పెట్టలేదు.

"మా బావ వచ్చిండా గటు?"

పొద్దున్నే వచ్చాడన్నాడు మైసయ్య. కొత్త చెప్పులు తొడుక్కుని వచ్చి చాయ్ తాగిపోయాడట. రిజిస్ట్రీ గురువారమే పూర్తయిందట. కొన్నవాళ్లు శుక్రవారం నాడే హద్దురాళ్లు పాతించారట.

"ఎంత రాసిచ్చిన్రు?" అన్నాడు మొగులయ్య. మీటరు తిరుగుతోందని ప్రహ్లాద్ గడియారం వైపు చూశాడు గానీ, ఈసారికి ఏమీ అనలేదు.

"మొత్తం" అన్నాడు మైసయ్య. "ఒక్క గుంట సుత మిగల్చలే. ఎకరం పన్నెండు గుంటలు."

మొగులయ్య రిసీవరు పెట్టాడు. బాగా కలిసిందా అన్నా అని ప్రకాశం అడిగాడు. కలిసిందన్నాడు. ఎకరానికి నలభై గుంటలు. ఎకరం పన్నెండు గుంటలలో తల్లి పదిమంది ముందు అతనికని చెప్పిన సగం, రోడ్డు వైపుది, ఇరవై ఆరు గుంటలు.